మబ్బుల్లో దిగే లెక్క: విమానాలపై మీ ప్రశ్నలు

గత సంచికలో ఐఎల్ఎస్ గురించి రాశాను. విమానం రన్‌వేకు ఎడమగా ఉందా కుడిగా ఉందా, ఉండాల్సిన వాలుకు పైన ఉందా కింద ఉందా అనే రెండు సంగతులూ రేడియో సంకేతాలతో పైలట్‌కు చూపించే ఏర్పాటు అది. అందులో ఎత్తు చెప్పే సగం లేకుండా దిగే పద్ధతులూ ఉన్నాయనీ, వాటిని నాన్ ప్రెసిషన్ అప్రోచ్‌లు అంటారనీ చివర్లో ఒక్క వాక్యం రాసి వదిలేశాను. ఆ వాక్యాన్ని పట్టుకునే ఈసారి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొన్నిటిని ఏరి, కుదించి జవాబులు రాస్తున్నాను. బేగంపేటలో శిక్షణ విమానాల పక్క సీట్లో కూర్చుని పాఠాలు చెప్పిన మనిషిని కాబట్టి అంకెలు ఎక్కువే ఉంటాయి. పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

ప్రశ్న: ఇన్‌స్ట్రమెంట్ రేటింగ్ శిక్షణలో ఉన్నాను. వీఓఆర్ అప్రోచ్ చేసేటప్పుడు ఒక సార్ ‘ముందు ఎమ్‌డీఏకి దిగిపో, అక్కడ సమంగా ఎగురుతూ రన్‌వే కోసం చూడు’ అంటారు. ఇంకో మేడమ్ ‘మధ్యలో ఆగకు, ఒకే వాలులో రా’ అంటారు. ఎవరి మాట వినాలి? – ఒక పాఠకురాలు, కొత్తపేట

జవాబు: పరీక్ష రోజున పరీక్షకుడు ఏ పద్ధతి చూపించమంటే అది చూపించండి. ఉద్యోగంలో చేరాక మేడమ్ చెప్పిన దారినే పట్టండి. ఎందుకో చెబుతాను.

ముందు మిగతా పాఠకుల కోసం రెండు ముక్కలు. ఇన్‌స్ట్రమెంట్ రేటింగ్ అంటే బయట ఏమీ కనిపించకపోయినా పరికరాలు చూస్తూ ఎగిరే అర్హత. వీఓఆర్ అంటే నేల మీద ఉండే రేడియో కేంద్రం. దాని నుంచి విమానం ఏ దిక్కు గీత మీద ఉందో తెలుస్తుంది. పక్కనే డీఎంఈ కూడా ఉంటే దూరం నాటికల్ మైళ్లలో తెలుస్తుంది. నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు, ఈ వ్యాసంలో మైలు అన్న చోటల్లా అదే. ఎత్తు సంగతి మాత్రం వీఓఆర్ చెప్పదు. ఆల్టీమీటర్ చూసుకుంటూ పైలటే దిగాలి. ఎంతవరకు అంటే, చార్టులో అచ్చు వేసిన కనీస ఎత్తు వరకు. దాని పేరే ఎమ్‌డీఏ. రన్‌వే గానీ దాని దీపాలు గానీ కంటపడనిదే దానికి ఒక్క అడుగు కూడా కిందికి పోకూడదు.

మీ సార్ చెప్పిన దానికి పైలట్లలో ‘డైవ్ అండ్ డ్రైవ్’ అని పేరు. ఆయన్ను తప్పుపట్టను. ఎంత తొందరగా మబ్బు కిందికి వస్తే అంత ఎక్కువసేపు రన్‌వే కోసం వెతుక్కోవచ్చన్నది ఆ పద్ధతి వెనక ఉన్న ఆలోచన. నిదానంగా ఎగిరే చిన్న విమానాల్లో, నేల మీది రేడియో కేంద్రం ఏ వైపు ఉందో మాత్రమే చూపే ఎన్‌డీబీ సూది తప్ప మరో దిక్కు లేని రోజుల్లో ఆ ఆలోచనకు బలం ఉండేది. అయితే దాని ఖరీదు ఎంతో లెక్క వేసి చూడండి.

రన్‌వే మొదలు సముద్రమట్టానికి 2,000 అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. మన హైదరాబాద్‌కు దగ్గరి అంకె. చివరి దిగుడు మొదలయ్యే ఫైనల్ అప్రోచ్ ఫిక్స్ 6.1 మైళ్ల దూరంలో ఉంది, అక్కడ ఎత్తు 4,000. ఎమ్‌డీఏ 2,600. (ఇవి లెక్క కోసం నేను పెట్టుకున్న అంకెలు. ఏ చార్టులోవీ కావు, వీటితో ఎగరకండి.) మీ విమానం 90 నాట్ వేగంతో వస్తోంది, అంటే నిమిషానికి మైలున్నర. నిమిషానికి 1,000 అడుగుల చొప్పున దిగిపోతే ఒక నిమిషం ఇరవై నాలుగు సెకన్లలో 2,600కి చేరతారు. అప్పటికి రన్‌వే ఇంకా నాలుగు మైళ్లు ఉంది. ఇక అక్కడి నుంచి రన్‌వే కంటే 600 అడుగులే ఎక్కువ ఎత్తులో, మబ్బు అంచులు తగులుతూ, నిమిషంన్నర సేపు సమంగా ఎగరాలి. దిగడం ఆపినప్పుడు ముక్కు ఎత్తి, థ్రాటిల్ పెంచి, ట్రిమ్ (చేతి మీది బరువు తగ్గించే సర్దుబాటు) మార్చారు. రన్‌వే కనిపించగానే అవన్నీ తిరగేయాలి. అదీ చూపు లోపలి నుంచి బయటికి మళ్లే క్షణంలో.

ఇంకో చిక్కు. 600 అడుగుల ఎత్తు నుంచి మామూలు 3 డిగ్రీల వాలు రన్‌వేకు 1.7 మైళ్ల దూరంలో మొదలవుతుంది. అక్కడే రన్‌వే కనిపిస్తే మంచిది. ఒక్క మైలు దూరంలో కనిపించిందనుకోండి. ఆ మైలులోనే 550 అడుగులు దిగాలి. వాలు 5 డిగ్రీలు దాటుతుంది. మీ చిన్న విమానానికి నిమిషానికి 800 పైచిలుకు, ఎలాగో కుదురుతుంది. రేపు మీరు నడపబోయే జెట్ 140 నాట్‌తో వస్తుంది. దానికి నిమిషానికి 1,280 అవుతుంది. చివరి వెయ్యి అడుగుల ఎత్తులో నిమిషానికి 1,000 మించి దిగుతుంటే అప్రోచ్ వదిలేసి పైకి లేవమనడం విమాన సంస్థల్లో మామూలు నియమం. కానీ రన్‌వే కళ్లెదుట కనిపిస్తుంటే వదిలేసే మనసు రాదు. సార్ పద్ధతిలో అసలు ప్రమాదం ఆ మనసే.

ఇప్పుడు మేడమ్ పద్ధతి. దీన్ని సీడీఎఫ్ఏ అంటారు: చివరి దిగుడు అంతా ఒకే ధార. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ దీన్ని సిఫారసు చేస్తూ 2011లో సలహాపత్రమే విడుదల చేసింది. 3 డిగ్రీల వాలు అంటే మైలుకు 318 అడుగులు. రన్‌వే మొదలును 50 అడుగుల పైనుంచి దాటాలి కాబట్టి 4,000 నుంచి 2,050 దాకా వాలు గీయాలి. తేడా 1,950, దాన్ని 318తో భాగిస్తే 6.1 మైళ్లు. దిగడం అక్కడ మొదలు. ఎంత వేగంతో దిగాలి? గ్రౌండ్ స్పీడ్‌ను, అంటే నేలతో పోల్చిన వేగాన్ని, 5తో గుణించి కొంచెం కలపండి: 450, పైన ముప్పై కలిపి నిమిషానికి 480 అడుగులు. ఇక మోకాలి మీది కాగితంపై ఈ వరస రాసుకోండి: 5 మైళ్ల దగ్గర 3,640. 4 దగ్గర 3,320. 3 దగ్గర 3,000. 2 దగ్గర 2,690. చాలా చార్టుల్లో ఈ పట్టిక అచ్చు వేసే ఉంటుంది. ఉన్నా సరే, చేత్తో రాసుకోండి. రాసిన అంకె నోటికి వస్తుంది.

నా పట్టు అంతా ఈ వరస మీదే. ‘3,150లో ఉన్నాను’ అన్న మాటకు అర్థం లేదు. ‘3 మైళ్ల దగ్గర 3,150లో ఉన్నాను’ అంటే అర్థం ఉంది: 150 ఎక్కువ, దిగే వేగం ఒక వందా నూటయాభై పెంచు. మెట్లు దిగేవాడు ప్రతి మెట్టు దగ్గరా కాలు తడుముకోవాలి. ర్యాంపు దిగేవాడికి ఆ పని లేదు, వాలు సరిగా ఉందో లేదో చూసుకుంటే చాలు. ఆ చూసుకోవడం మానేస్తే మాత్రం ర్యాంపు తీసుకెళ్లి కొండకే కొడుతుంది. ఆ కథలు కింద వస్తాయి.

మీ మేడమ్ చెప్పే ఉంటారు, అయినా మూడు సంగతులు గుర్తు చేస్తాను. ఎమ్‌డీఏ దగ్గరికి దిగుతూ వచ్చి, రన్‌వే లేదని పైకి లేచేటప్పుడు విమానం వెంటనే లేవదు, కొంత జారుతుంది. ఆ జారుడులో కూడా ఎమ్‌డీఏ దాటకూడదు. అందుకని 50 అడుగులో, మీ సంస్థ చెప్పినంతో కలిపి 2,650 దగ్గరే నిర్ణయం తీసుకోండి. రెండోది, అలా తొందరగా లేచినప్పుడు ఎక్కడం వెంటనే మొదలుపెట్టండి, మలుపు మాత్రం చార్టు చూపిన మిస్డ్ అప్రోచ్ పాయింట్ (రన్‌వే కనిపించకపోతే దిగే ప్రయత్నం వదిలేయాల్సిన చోటు) దాటాకే. ముందే తిరిగితే ఏ కొండ మీదికి తిరుగుతున్నారో ఆ చార్టు హామీ ఇవ్వదు. మూడోది, మధ్యలో ఉన్న ఫిక్స్‌ల (దారిలో చార్టు గుర్తించిన చోట్ల) దగ్గర ‘ఇంతకు తగ్గకూడదు’ అని రాసిన ఎత్తులు మీ వాలు గీతకు కిందే ఉన్నాయో లేదో దిగకముందే చూసుకోండి. ఇప్పటి జీపీఎస్ పరికరాలు కొన్ని సొంతంగా ఒక వాలు గీసి చూపిస్తాయి. అది సలహా మాత్రమే. ఎమ్‌డీఏకు కింద ఆ గీత దారిలో చెట్టు లేదని ఎవరూ పూచీ పడలేదు.

ప్రశ్న: మొన్న రాజమండ్రి నుంచి వస్తుంటే విమానం ఇళ్లు కనిపించేంత కిందికి దిగి, ఒక్కసారిగా హోరున పైకి లేచింది. అరగంట తర్వాత మళ్లీ దిగాం. పక్క సీటాయన ‘ఎవరో కొత్త పైలట్, గురి కుదరలేదు’ అన్నారు. నిజమేనా? – ఒక ప్రయాణికుడు, కూకట్‌పల్లి

జవాబు: పక్క సీటాయనకు ఆ విమానం గురించి తెలిసింది సీటు నంబరు వరకేనని నా అనుమానం.

మీకు ఇళ్లు కనిపించాయి, పైలట్‌కు రన్‌వే కనిపించలేదు. ఈ రెండూ ఒకే క్షణంలో నిజం కావచ్చు. మీరు కిటికీలోంచి దాదాపు నిలువుగా కిందికి చూస్తున్నారు. మధ్యలో ఉన్న పలుచని మబ్బు మందం కొన్ని వందల అడుగులే. పైలట్ ముందుకు ఏటవాలుగా చూస్తారు. అదే మబ్బు ఆ చూపుకు మైలో రెండు మైళ్లో అడ్డం పడుతుంది. అందుకే నేల కనిపించడం లెక్కలోకి రాదు. రన్‌వే గానీ, దాని దీపాల వరస గానీ, నిబంధనల్లో రాసిన గుర్తుల్లో మరొకటి గానీ కనిపించాలి. నిర్ణయించే ఎత్తుకు వచ్చేసరికి అది కనిపించకపోతే థ్రాటిల్ ముందుకు తోసి లేచిపోవడమే. దాన్ని గో అరౌండ్ అంటారు. వాతావరణమే కాదు, ముందు దిగిన విమానం రన్‌వే ఖాళీ చేయకపోయినా, వాలు కుదరకపోయినా అదే పని చేస్తారు. మీ విమానంలో ఏది జరిగిందో నాకు తెలియదు గానీ, ఆ హోరు నాకు మాత్రం ఇష్టమైన శబ్దం.

ప్రశ్న: నలభై ఏళ్లు యంత్రాలతో గడిపినవాణ్ని. 1990 నాటి బెంగళూరు ఎయిర్‌బస్ ప్రమాదం నుంచి వార్తలు శ్రద్ధగా చదువుతున్నాను. ఇప్పుడు కంప్యూటర్‌లో కోణం కొడితే విమానమే దిగుతుంది కదా, ఇంకా ఈ మైళ్ల లెక్కలు, పెన్సిళ్లు ఎందుకు? – ఒక రిటైర్డ్ ఇంజనీరు, రామచంద్రాపురం

జవాబు: బెంగళూరును ఈ చర్చలోకి తేకండి సార్. 1990 ఫిబ్రవరి 14న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏ320 పట్టపగలు, రన్‌వే కనిపిస్తుండగా కూలింది. ఇంజన్లు ఐడిల్‌లో, అంటే కనీస శక్తితో, ఉండే మోడ్‌లో దిగుతోందని, వేగం పడిపోతోందని పైలట్లు గమనించేసరికి ఆలస్యమైంది. 146 మందిలో 92 మంది పోయారు. అది వేరే జబ్బు. కాకపోతే మందు ఒకటే: ఏ మోడ్‌లో ఉన్నామో చూసుకోవడం.

మీ ప్రశ్నకు సరిపోయే ఉదాహరణ స్ట్రాస్‌బర్గ్. 1992 జనవరి 20 రాత్రి, ఎయిర్ ఇంటర్ ఏ320, వీఓఆర్ డీఎంఈ అప్రోచ్. ఆ విమానంలో దిగడానికి రెండు మోడ్‌లు: ఒకదానిలో కోణం పెట్టాలి, మరొకదానిలో నిమిషానికి ఎన్ని అడుగులో పెట్టాలి. రెండింటికీ తిప్పే మీట ఒకటే. పైలట్లు 3.3 డిగ్రీలు అనుకుని పెట్టింది, మోడ్ మారకపోవడం వల్ల నిమిషానికి 3,300 అడుగులు అయి ఉంటుందన్నది దర్యాప్తు బృందం ఎక్కువ మొగ్గు చూపిన వివరణ. అప్పటి డిస్‌ప్లేలో 3,300కు బదులు 33 అనే కనిపించేది. మామూలు దిగుడుకు నాలుగు రెట్ల వేగంతో పోయి కొండకు కొట్టుకుంది. 96 మందిలో 87 మంది చనిపోయారు. నేల దగ్గరపడితే అరిచి చెప్పే జీపీడబ్ల్యూఎస్ ఆ విమానంలో లేదు. తర్వాత ఎయిర్‌బస్ ఆ అంకెను నాలుగు స్థానాల్లో కనిపించేలా మార్చింది. ఇంజనీరుగా మీకు ఆ మార్పు నచ్చుతుంది. నాకూ నచ్చింది. కానీ ‘ఇన్ని మైళ్ల దగ్గర ఎంత ఎత్తు’ అని ఒక్కసారి పైకి చదివినా, డిస్‌ప్లేలో ఎన్ని అంకెలున్నాయన్న దానితో పని లేకుండానే తప్పు దొరికేది.

రెండోది 2013 ఆగస్టు 14, అమెరికాలోని బర్మింగ్‌హామ్. తెల్లవారకముందు యూపీఎస్ సరుకుల విమానం ఏ300, లోకలైజర్ అప్రోచ్ (ఐఎల్ఎస్‌లో ఎడమ, కుడి చెప్పే సగంతోనే దిగడం). దిగే వాలును కంప్యూటరే చూపించేలా సిద్ధం చేసుకున్నారు. కానీ ఫ్లైట్ ప్లాన్‌లోని దారిని వరసలోకి తీసుకురాలేదు. దాంతో కంప్యూటర్ గీసిన వాలుకు, అసలు దారికి సంబంధం లేకుండా పోయింది. వాలు పట్టుకోకపోయేసరికి కెప్టెన్ మోడ్ మార్చి నిమిషానికి 1,500 అడుగుల చొప్పున దించారు. ఎమ్‌డీఏ దాటిపోతుంటే ఇద్దరిలో ఒక్కరూ ఆ మాట పైకి అనలేదు. రన్‌వేకు మైలు లోపే చెట్లను తాకింది. ఇద్దరూ చనిపోయారు. చూడండి, ఒకే ధారలో దిగుదామని మొదలుపెట్టిన అప్రోచ్ కాస్తా కళ్లముందే డైవ్ అండ్ డ్రైవ్ అయిపోయింది. అంకెల వరస చేతిలో లేనివాడు ఎప్పుడైనా జారేది అటే.

మూడోది హాలిఫాక్స్, 2015 మార్చి 29. ఎయిర్ కెనడా ఏ320, మంచు తుపాను. ఇక్కడ ఎవరూ తప్పు మీట తిప్పలేదు. కోణం సరిగానే పెట్టారు. కోణం పెట్టే మోడ్ విమానాన్ని ఆ కోణంలో దించుతుంది గానీ, ఫలానా గీత మీదే ఉంచాలని దానికి లేదు. గాలి మారి విమానం గీతకు కిందికి జారితే, ఆ జారిన చోటు నుంచి అదే కోణంలో దిగుతూ పోతుంది. దూరంతో ఎత్తును సరిచూసి కోణం మార్చడం అప్పటి వాళ్ల పద్ధతిలో లేదు. విమానం రన్‌వే మొదలుకు ముందే కరెంటు తీగలను, నేలను తాకింది. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

కాబట్టి సార్, కంప్యూటర్‌ను వద్దనడం లేదు. వాలును అదే పట్టుకుంటే పైలట్‌కు చేతులు ఖాళీ అవుతాయి. ఆ ఖాళీ చేత్తో పెన్సిల్ పట్టుకోమంటున్నాను.

ప్రశ్న: ఆల్టీమీటర్ గాలి పీడనాన్ని కొలిచి ఎత్తు చెబుతుంది. మే నెలలో మన ఎండలకు గాలి పలచబడుతుంది కదా, అప్పుడు అది చెప్పే ఎత్తు నిజమేనా? – ఒక ఫిజిక్స్ లెక్చరర్, నారాయణగూడ

జవాబు: మంచి ప్రశ్న. నిజం కాదు. కాకపోతే మే నెలలో తప్పు మనకు మేలు చేసే వైపే ఉంటుంది.

ఆల్టీమీటర్ ఒక ప్రామాణిక వాతావరణాన్ని ఊహించుకుంటుంది: సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, పైకి పోయేకొద్దీ వెయ్యి అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గుదల. ఆ లెక్కన 2,000 అడుగుల ఎత్తున్న హైదరాబాద్‌లో 11 డిగ్రీలు ఉండాలి. మే మధ్యాహ్నం 41 ఉంటుంది. తేడా 30. ప్రతి 10 డిగ్రీల తేడాకు, విమానాశ్రయం నుంచి కొలిచిన ఎత్తులో దాదాపు 4 శాతం తప్పు వస్తుంది. అంటే ఆల్టీమీటర్ రన్‌వేకు 1,500 అడుగుల పైన ఉన్నావని చెబుతుంటే నిజానికి 1,680 పైన ఉంటారు. పైలట్ కాగితం మీద 3 డిగ్రీల వాలు పట్టుకుని వస్తున్నా గాలిలో అది 3.4కు దగ్గరగా ఉంటుంది. దానికి తోడు పలుచని గాలిలో, స్పీడ్ సూది 90 నాట్ చూపిస్తున్నా విమానం నిజంగా 98తో పోతుంటుంది. మన కొత్తపేట అమ్మాయి వేసుకున్న 480 మే నెలలో చాలదు. అప్రోచ్ ఎప్పుడూ కొంచెం ఎత్తుగానే మిగులుతోందని విద్యార్థులు అంటుంటారు. చేతిది తప్పు కాదు, ఎండది.

శ్రీనగర్, లేహ్ చలికాలంలో ఇది తిరగబడుతుంది. ఆల్టీమీటర్ చెప్పిన దానికంటే విమానం కిందే ఉంటుంది. అందుకే ఆల్టీమీటర్ ఆధారంగా కంప్యూటర్ వాలు గీసే అప్రోచ్‌ల చార్టుల మీద ‘ఇంత ఉష్ణోగ్రతకు తగ్గితే వాడకూడదు’ అని రాస్తారు.

అయితే వేడి కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది క్యూఎన్‌హెచ్. ఆల్టీమీటర్‌లో పైలట్ తిప్పి పెట్టుకునే ఆ చోటి పీడనం అది. ఒక్క హెక్టాపాస్కల్ తప్పితే దాదాపు 28 అడుగులు తప్పుతుంది. వానాకాలంలో మన దగ్గర 1003 లాంటి అంకెలు మామూలే. అది 1013గా వినిపించి అలాగే పెట్టుకుంటే, ఉన్నామనుకున్న దానికంటే 280 అడుగులు కిందుంటారు. ఎమ్‌డీఏకూ దాని కింద ఉన్న అడ్డంకులకూ మధ్య వదిలే ఎడం సాధారణంగా 250 అడుగుల దరిదాపు. ఒక్క అంకెతో అదంతా హరించుకుపోతుంది.

ఇది ఊహ కాదు. 2022 మే 23న పారిస్ చార్ల్స్ డి గాల్ దగ్గర కంట్రోలర్ 1001కి బదులు 1011 అని చెప్పారు. వానలో దిగుతున్న ఏ320 కంప్యూటర్ గీసిన వాలు మీదే, తప్పుడు ఎత్తులో వచ్చింది. రన్‌వే కనిపించక గో అరౌండ్ చేసినప్పుడు, ఇంకా మైలుకు కొంచెం తక్కువ దూరం ఉండగానే, నేలకు 6 అడుగుల దాకా వచ్చింది. అందరూ క్షేమం. నేను పైన అంతగా పొగిడిన దూరం-ఎత్తు పట్టిక ఇక్కడ పనికిరాదని గమనించండి. ఆల్టీమీటరే తప్పు చెబుతుంటే పట్టికలోని ప్రతి అంకే సరిపోతుంది. దానికి కాపలా వేరే ఉండాలి: క్యూఎన్‌హెచ్‌ను కంట్రోలర్ మాటతో ఒకసారి, రికార్డు చేసి వినిపించే వాతావరణ సమాచారంతో ఒకసారి సరిచూడటం, పది తేడా వస్తే మళ్లీ అడగడం. అడిగితే చిన్నతనమేమీ లేదు.

ప్రశ్న: శంషాబాద్‌లో ఐఎల్ఎస్ ఉంది. పెద్ద ఊళ్లన్నిటిలో ఉంది. మరి ఈ పాత పద్ధతులు ఇంకా ఎందుకు నేర్పుతారు? – ఒక ఇంటర్ విద్యార్థి, సికింద్రాబాద్

జవాబు: ఐఎల్ఎస్ కూడా యంత్రమే నాయనా, మరమ్మతుకు ఆగుతుంది. 1997 ఆగస్టు 6న గ్వామ్ విమానాశ్రయంలో సరిగ్గా అదే జరిగింది. ఎత్తు చూపే గ్లైడ్ స్లోప్ మరమ్మతులో ఉంది. కొరియన్ ఎయిర్ 747 మిగతా సగంతో, అంటే లోకలైజర్‌తో, రాత్రి వానలో దిగుతోంది. అక్కడ డీఎంఈ రన్‌వే దగ్గర కాదు, రన్‌వేకు 3.3 మైళ్ల ముందున్న నిమిట్జ్ హిల్ కొండ మీద ఉంది. అంటే అంకె సున్నా దగ్గరికి వచ్చినా రన్‌వే రాదు; కొండ దాటాక అంకె మళ్లీ పెరుగుతూ పోతే అప్పుడు వస్తుంది. విమానం ఆ కొండకే కొట్టుకుంది. 254 మందిలో 200 మందికి పైగా చనిపోయారు. కెప్టెన్ అప్రోచ్‌ను ముందుగా సరిగా వివరించుకోలేదని, మిగతా ఇద్దరూ సరిచూడలేదని దర్యాప్తు తేల్చింది. దూరం తెలిస్తే చాలదు, ఎక్కడి నుంచి దూరమో తెలియాలి.

ఐఎల్ఎస్ లేని రన్‌వేలకు ఇప్పుడు మరో దారి వచ్చింది. మన ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి కట్టిన గగన్ వ్యవస్థ జీపీఎస్ తప్పులను ఉపగ్రహం ద్వారా సరిదిద్ది, ఎత్తుతో సహా దారి చూపిస్తుంది. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం దాని సాయంతో దిగింది. అలాంటి పరికరం అన్ని విమానాల్లోనూ వచ్చాక నువ్వు ఈ ప్రశ్న మళ్లీ రాయి.

ప్రశ్న: మా అమ్మాయి పైలట్ శిక్షణలో ఉంది. మబ్బు పడితే చాలు నాకు గుండె దడ. – ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, ఇన్‌స్ట్రమెంట్ రేటింగ్ లేని విద్యార్థిని ఒంటరిగా మబ్బుల్లోకి పంపరు. ఈ అప్రోచ్‌లు నేర్చుకునేది చాలా వరకు సిమ్యులేటర్ గదిలో. మిగతాది కళ్లకు బయటి దృశ్యం కనిపించకుండా తలకు ముసుగు పెట్టుకుని, పక్కన ఇన్‌స్ట్రక్టర్ కళ్లు తెరుచుకుని కూర్చుండగా. మీరు మబ్బు చూసి బెంగపడే రోజున అమ్మాయి బహుశా హాస్టల్లో పడుకుని ఉంటుంది. ఎగరడం రద్దయి ఉంటుంది కాబట్టి.

ప్రశ్న: విమానం గంటకు వేలల్లో ఖర్చు. ఈ దిగే లెక్కను ఇంట్లోనే సాధన చేసే మార్గం ఉందా? – ఒక శిక్షణార్థి, మియాపూర్

జవాబు: ఉంది, పైసా ఖర్చు లేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ మన విమానాశ్రయాల అప్రోచ్ చార్టులను నెట్‌లో ఉచితంగానే ఉంచుతుంది. ఏదో ఒక వీఓఆర్ చార్టు తీసుకోండి. దాని మీది దూరం-ఎత్తు పట్టికను కాగితంతో కప్పెయ్యండి. రన్‌వే ఎత్తు, వాలు రెండే చూసి ప్రతి మైలుకూ ఎత్తు మీరే రాయండి. తర్వాత కాగితం తీసి పోల్చండి. ఇది కుదిరాక మెట్రో ఎక్కండి. మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా తీరిక దొరుకుతుంది. పక్కనున్న స్నేహితుడు ‘4.5’ అంటే మీరు రెండు సెకన్లలో ఎత్తు చెప్పాలి. ‘ఇప్పుడు వెనక నుంచి 15 నాట్ గాలి’ అంటే దిగే వేగం ఎంత పెంచాలో చెప్పాలి (90కి 105 అయితే 480 కాస్తా 560 అవుతుంది). తోటి ప్రయాణికులు వింతగా చూస్తారు, చూడనివ్వండి.

మీ అంకెకూ చార్టు అంకెకూ 20 అడుగుల లోపు తేడా ఉంటే సరే. అంతకు మించితే ముందు వాలు చూడండి. అన్నీ 3 డిగ్రీలు కావు. 3.2 అయితే మైలుకు 340, 3.5 అయితే 372. వాలు సరిగానే ఉండి, ప్రతి మైలు దగ్గరా తేడా ఒకేలా వస్తుంటే, డీఎంఈ రన్‌వే మొదలు దగ్గర కాకుండా ఇంకెక్కడో ఉంది. ఎంత దూరంలో ఉందో చార్టులోనే దొరుకుతుంది.